నాన్న గొంతూ, నాలుగు జిప్ ఫైళ్లూ

మా నాన్న నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు. లెక్కల మాస్టారుగా ఉన్నన్నాళ్లూ హెడ్మాస్టర్లకి చేతకాలేదు. పెళ్లయిన నాటి నుంచీ అమ్మకి చేతకాలేదు. చర్చిలో పాస్టరుగారు తెలివైనవారు కాబట్టి ఆ ప్రయత్నమే చెయ్యలేదు. చివరికి విజయవాడలో ఓ గొంతు డాక్టరుగారు, నాకన్నా చిన్నావిడ, సన్నటి గొట్టం లోపలికి పెట్టి చూసి ఆ ఘనకార్యం చేశారు. స్వరపేటికలో చిన్న కండ పెరిగింది, ఆపరేషన్ చేసి తీసేద్దాం, భయపడాల్సిందేమీ లేదు అన్నారు.

"తర్వాత పాడచ్చాండీ?" అన్నాడు నాన్న. ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మాట్లాడతారు మాస్టారూ, దానికి నాది పూచీ. పాట సంగతి ఇప్పుడే చెప్పలేను. గొంతు వస్తుంది గానీ, ఇదే గొంతు వస్తుందని మాటివ్వలేనండీ."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కంకిపాడు దాకా నాన్న కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పక్క సీటువాళ్ల ఊరూ పేరూ కనుక్కోకుండా ఆయన బస్సు దిగడం నేను చూడటం అదే మొదలు.

మా ఇల్లు కంకిపాడులో. కింద అమ్మానాన్నా, పైన మా ఆయనా నేనూ ఉంటాం. మా చర్చి క్వాయర్‌కి, అంటే పాటల బృందానికి, నాన్నే పెద్ద. ఆడవాళ్లలో పై గొంతువాళ్లు సొప్రానోలు, కింది గొంతువాళ్లు ఆల్టోలు, మగవాళ్లలో పై గొంతువాళ్లు టెనర్లు, కింది గొంతువాళ్లు బేసులు, మొత్తం నాలుగు వరుసలు. నాలుగు వరుసల రాగాలూ నాన్నే కట్టి, నాలుగూ తానే పాడి నేర్పుతాడు. ఆడవాళ్ల పై గొంతు కూడా పాడతాడు, నవ్వినవాళ్లకి ఆ రోజు టీ ఉండదు. ఆయన నేర్పే పద్ధతి ఒకటుంది. పాట మొత్తం ఒకేసారి చెప్పడు. ఈవేళ ఇక్కడిదాకా, రేపు ఇంకో రెండు లైన్ల దాకా. పాడిందే పాడిస్తాడు. "ఎందుకు మాస్టారూ, ఇది వచ్చేసింది కదా" అని ఎవరైనా అంటే "పాడు, తెలుస్తుంది" అంటాడు. ఈ మాట విని విని మా క్వాయర్‌లో ప్రశ్నలడిగే అలవాటు ఎప్పుడో పోయింది.

నాకు ఆయన గొంతు రాలేదు. ఆయన మొండితనం వచ్చింది.

ఆపరేషన్ నవంబరులో అన్నారు. అంటే క్రిస్మస్ ప్రాక్టీసులకి నాన్న నోరు విప్పడానికి వీల్లేదు. ఆ ఏడాది క్రిస్మస్‌కి ఆయన అన్నీ కొత్త పాటలు కట్టాడు. అవి ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేవు. అందుకని ఆసుపత్రికి వెళ్లేలోగా ప్రతి పాటా నాలుగు గొంతుల్లోనూ ఫోనులో రికార్డు చేసేస్తాను, విని నేర్చుకుంటారు అన్నాడు. రోజూ సాయంత్రం వెనక గదిలో ఫ్యానాపి కూర్చునేవాడు. ఆ గంటా ఇంట్లో కుక్కర్ పెట్టకూడదు, మిక్సీ వెయ్యకూడదు. పప్పు గిన్నెలో ఉడకబెట్టుకుంటూ అమ్మ గ్యాసు అయిపోతోందని నాతో గొణిగేది గానీ, ఆయన వినేలా అనేది కాదు. తలుపు దగ్గర పీట వేసుకుని వింటూ కూర్చునేది. ఇవి మళ్లీ వింటామో లేదో అన్న బెంగ ఆవిడది.

ఆఖరి పాట ఆసుపత్రికి వెళ్లే ముందు రోజు రికార్డు చేశాడు. అప్పటికి గొంతు బాగా మండుతోంది. మామూలుగా క్వాయర్‌ని పరిగెత్తించే మనిషి ఆ పాటని చాలా నెమ్మదిగా పాడాడు. రెండో చరణం అయ్యాక ఆగిపోయాడు. కాసేపు ఊపిరి తీసుకుని, గొంతు సవరించుకుని, మూడో చరణం అందుకున్నాడు.

"మళ్లీ చేద్దామా నాన్నా?" అన్నాను.

"ఓపిక లేదే. ఉండనీ."

మిగతా మూడు గొంతులూ తాళం తప్పకుండా ఉండాలని, మొదటి రికార్డింగును ఒక చెవిలో పెట్టుకుని దాంతో పాటు పాడటం ఆయన పద్ధతి. కాబట్టి మొదటిదాంట్లో ఎక్కడ ఆగాడో తక్కిన మూడింట్లోనూ అక్కడే ఆగాడు.

ఇక నా వంతు వచ్చింది. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు పైన ఉన్న చిన్న ఆఫీసులో పనిచేస్తాను. బస్సుల్లో రాబోయే స్టాపు పేరు చెప్పే పెట్టెలకి సి అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాస్తాం. స్టాపుల పేర్లు పలికే ఆడియో ముక్కలన్నీ ఒక జిప్ ఫైల్లో మూటగట్టి పెట్టెలోకి పంపాలి. అందుకోసం జిప్ ఫైళ్లని తెరిచి, చదివి, రాసే ఒక సి లైబ్రరీని, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్టని, ఆఫీసులో అప్పుడే వాడటం మొదలుపెట్టాం. కొత్త చీర కొన్నవాళ్లకి పేరంటం దొరికినట్టు నాకు నాన్న పాటలు దొరికాయి.

"మౌసు కుడి బటన్ నొక్కి జిప్ చేసి పడేస్తే పోతుంది కదండీ, దానికి ప్రోగ్రామెందుకు?" అన్నాడు ఆఫీసులో పక్క సీటతను. నా దగ్గర సమాధానం ఉంది. పాటలన్నీ, గొంతులన్నీ నాన్న ఫోనులో కలగాపులగంగా ఉన్నాయి. ఎవరి గొంతు వాళ్లకే వెళ్లాలి, లేకపోతే టెనర్లు సొప్రానో పాడి కూర్చుంటారు. పైగా నాన్న పొద్దున పంపింది సాయంత్రం మార్చి మళ్లీ పంపుతాడు. ఫైలు పేరు చూసి నాలుగు మూటలుగా వేరుచేసి కట్టే ప్రోగ్రాము ఒకటి ఉంటే ఎన్నిసార్లు మార్చినా నాకు బాధ లేదు. ఇదంతా నిజమే. ప్రోగ్రాము రాయాలని నాకు సరదాగా ఉందన్నది కూడా నిజమే.

ఆ లైబ్రరీ మర్యాద తెలిసినది. ఫలానా ఫైలు తెరువంటే తెరుస్తుంది. లేకపోతే కొత్తది మొదలుపెడుతుంది. ఈ పేరుతో ఈ డేటా చేర్చమంటే అలాగే అంటుంది. చివర్న మూసెయ్యమంటే మూసేస్తుంది. నేను చేసిందల్లా ఇంతే. అన్నిటికన్నా పెద్ద పాట పట్టేంత జాగా మెమరీలో ఒకటి తీసుకున్నాను. పాట అందులోకి చదవడం, చేర్చమనడం, అదే జాగాలోకి తర్వాతి పాట చదవడం, చేర్చమనడం. అన్నీ అయ్యాక మూసెయ్యమన్నాను. ప్రోగ్రాము ఒక్క తప్పు చూపించకుండా నడిచింది. తయారైన జిప్ ఫైలు విప్పి చూశాను. పాటల పేర్లు వరుసగా ఉన్నాయి, సైజులు సరిగ్గా ఉన్నాయి. చివర్న ఉన్నది నొక్కితే నాన్న గొంతు హాయిగా వినిపించింది. తృప్తిగా నాలుగు ఫైళ్లూ క్వాయర్ గ్రూపులో పెట్టేసి, ఆసుపత్రి సంచీ సర్దడానికి కిందికి వెళ్లాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్లు మాట్లాడకూడదు, గుసగుసలు అసలే పనికిరావు అన్నారు డాక్టరుగారు. నాన్నకి నేను ఒక పలక కొనిచ్చాను. ఆ రోజుల్లో మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో చెబితే నాన్న చిన్నబుచ్చుకుంటాడు గానీ, నిజంగానే బాగుండేది. అమ్మ తన మాట పూర్తిచెయ్యగలిగేది. నాన్న పలక మీద "ఉప్పు తక్కువ" అని రాసి చూపిస్తే "కళ్లజోడు లేదండీ, కనపట్లా" అని చక్కా పోయేది. వీధిలో కోసిన ధాన్యం రోడ్డు పొడుగునా ఆరబోసి ఉండేది. సాయంత్రాలు ఇద్దరూ వరండాలో కుర్చీలు వేసుకుని, దాన్ని తిరగేసేవాళ్లని చూస్తూ కూర్చునేవాళ్లు.

ప్రాక్టీసులకి మాత్రం నాన్న వెళ్లలేదు. ఒక్క స్వరం తప్పు పడితే తన నోరు ఆగదని ఆయనకి తెలుసు. "నేర్చుకుంటున్నారా?" అని పలక మీద రాసి నన్ను పంపేవాడు. సొప్రానోల్లో ముందుండి పాడే ఆవిడ స్టాఫ్ నర్సు. బస్టాపులో కనబడితే అడిగాను.

"చాలా బాగా వస్తోందండీ. మాస్టారికి నా వందనాలు చెప్పండి. ఆయన లేకపోయినా ఆయన పద్ధతిలోనే చేస్తున్నామని చెప్పండి."

అది విని నాన్న ముఖం వెలిగిపోయింది. నాది కూడా.

డాక్టరుగారు పెట్టిన గడువు అయిపోయింది. మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టండి, కూనిరాగం తీసినా పర్వాలేదు అన్నారు. నాన్న తలూపి ఇంటికొచ్చి మళ్లీ పలకే తీశాడు. ఇంకో వారం కూడా అంతే. అమ్మ బతిమాలింది, కసిరింది. ఆయన బలపం అరిగేదాకా రాస్తాడే గానీ నోరు విప్పడు. ఆయనకి భయమేస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. నోరు విప్పితే ఏ గొంతు వచ్చిందో తెలిసిపోతుంది. విప్పనంత సేపూ పాత గొంతు లోపలెక్కడో ఉన్నట్టే. మొదటిసారి నాకు నిజంగా దిగులేసింది.

క్రిస్మస్ దగ్గర పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నా స్కూటీ మెకానిక్ దగ్గరుంది. గవర్నర్‌పేటలో ఆటో కోసం చూస్తుంటే మా క్వాయర్ టెనర్ ఒకతను తన ఆటో తెచ్చి ఆపాడు. గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి ఎవరినో దింపి ఇంటికి పోతున్నాడట. "ఎక్కక్కా, మన ఊరే కదా" అన్నాడు. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పడ్డాక, ప్రాక్టీసు చేసుకుంటానని స్పీకర్లో పాట పెట్టాడు. నాన్న చివర్న రికార్డు చేసిన పాట. నాన్న గొంతు విని చాలా రోజులైంది, వెనక సీట్లో కళ్లు మూసుకుని విన్నాను. మొదటి చరణం మధ్యలో పాట టక్కున తెగిపోయింది. తర్వాతి పాట మొదలైంది. మళ్లీ అదే. ఈసారి రెండో చరణం దాకా వచ్చి తెగింది. ఆ తర్వాతదీ అదే, పల్లవితోనే ఆగిపోయింది.

"ఇదేంటి, అన్నీ ఒకటే పాట?" అన్నాను.

"అన్నీ ఒకటేనక్కా. పేర్లే వేరు. ఒకదాంట్లో ఇక్కడిదాకా, ఒకదాంట్లో అక్కడిదాకా ఉంటది. చివరిదాంట్లోనే మొత్తం ఉంటది."

"మరి ఎవరూ అడగలేదా?"

అతను అద్దంలోంచి నన్ను వింతగా చూశాడు. "ఏమని అడుగుతామక్కా? మాస్టారి పద్ధతే కదా. ఈ ఏడాది ఒక్క పాటే, ముక్కలు ముక్కలుగా నేర్చుకోమన్నారనుకున్నాం. పాడితే తెలుస్తదిలే అనుకున్నాం."

బెంజి సర్కిల్ దాటకముందే తప్పేంటో నాకు తెలిసిపోయింది. చేర్చమనగానే ఆ లైబ్రరీ పాటని తన దగ్గర దాచుకోదు. ఈ పేరు పాట ఫలానా జాగాలో, ఇంత పొడుగున ఉంది అని గుర్తుపెట్టుకుంటుంది, అంతే. ఫైల్లోకి అసలు రాయడం మూసేటప్పుడే. మూసేదాకా ఆ జాగాని కదపొద్దని దాని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది, నేను చదివాను కూడా. అయినా ఒకే జాగాలో పాట మీద పాట చదువుకుంటూ పోయాను. మూసే వేళకి అందులో మిగిలింది ఆఖరి పాట ఒక్కటే. అన్ని పాటల పేర్ల మీదా అదే రాసింది, దేని పొడుగుకి తగ్గట్టు దానికి కత్తిరించి. ఆ పాట నెమ్మదిగా పాడింది కాబట్టి అన్నిటికన్నా పొడుగు. అందుకే మిగతావన్నీ మధ్యలో తెగాయి.

ఇంటికెళ్లి నాన్న ముందు కూర్చుని చెప్పాను. జిప్పు, మెమరీ అంటే ఆయనకెందుకు? "పెళ్లి భోజనాల్లో ఆకులన్నీ వేసి, ఈ ఆకుకి వంకాయ, ఈ ఆకుకి దొండకాయ అని చీటీలు పెట్టామనుకో నాన్నా. వడ్డించేది మాత్రం అందరూ కూర్చున్నాకే. ఈలోగా నేను ఒకే గిన్నెలో ఒక కూర తీసి ఇంకో కూర పోస్తూ పోయాను. వడ్డించే వేళకి గిన్నెలో గుమ్మడికాయే ఉంది. అందరికీ గుమ్మడికాయే."

నాన్న పలక పక్కన పెట్టి భుజాలు ఎగిరిపడేలా నవ్వాడు, చప్పుడు రాకుండా. లోపల్నుంచి అమ్మ "ఎవరూ అడగలేదా?" అని అరిచింది. ఆటో అబ్బాయి అన్న మాట చెబితే నాన్న నవ్వు ఆగింది. పలక తీసి "పద్ధతి!" అని రాసి, చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత కింద "మిగతా పాటలు?" అని రాశాడు.

ప్రోగ్రాము సరిచెయ్యడం పెద్ద పనేమీ కాదు. ప్రతి పాటకీ విడిగా ఒక జాగా ఇచ్చి, మూసేదాకా దేన్నీ ముట్టుకోకుండా ఉంటే సరి. అన్నం తినేలోగా అయిపోయింది. ఈసారి మొదట్నుంచి చివరిదాకా ప్రతి పాటా వేసి విన్నాను, నాన్న పక్కనే కూర్చుని వేళ్లతో తాళం వేశాడు. కానీ క్రిస్మస్‌కి అన్ని పాటలు నేర్పే వ్యవధి ఎక్కడుంది? శనివారం ప్రాక్టీసుకి తానే వస్తానని పలక మీద రాశాడు.

చర్చిలో ఆయన్ని చూసి అందరూ లేచి నిలబడ్డారు. కూర్చోమని సైగ చేసి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడకుండా వెనక బెంచీ మీద కూర్చున్నాడు. నర్సుగారు చెయ్యెత్తారు. మొదలుపెట్టారు.

నాన్న క్వాయర్ పాడుతుండగా నేను ఎన్ని సార్లు విన్నానో లెక్కలేదు. అంత నెమ్మదిగా, అంత కలిసికట్టుగా పాడటం ఎప్పుడూ వినలేదు. నెల పైబడి ఒక్క పాటనే కోతల్లో, ఆటోల్లో, డ్యూటీల్లో చెవిలో పెట్టుకుని తిరిగారు. ప్రతి మలుపూ ఒంటపట్టింది. రెండో చరణం అయింది. నాలుగు వరుసలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. సరిగ్గా నాన్న గొంతు సవరించుకున్నంత సేపు ఆగి, కలిసి ఊపిరి తీసుకుని, మూడో చరణం ఎత్తుకున్నారు.

పాటయ్యాక నర్సుగారు మా దగ్గరికొచ్చారు. "అక్కడ ఆగాక మేం కూడా గొంతు సవరించుకోవాలా మాస్టారూ? సొప్రానోల్లో పెద్ద చర్చ జరిగిందండీ."

నాన్న కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వుతోనో దేనితోనో. పలక మీద రాసి అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు. "ఇదొక్కటే కొత్తది. మిగతావి పాతవే పాడదాం. ఆగడం అలాగే ఉంచండి."

క్రిస్మస్ పొద్దున చర్చి నిండిపోయి వాకిట్లో షామియానా కింద కూడా కుర్చీలు వేశారు. నాన్న కొత్త చొక్కా వేసుకుని వెళ్లి బేస్ వరుసలో చివరి మనిషి పక్కన నిలబడ్డాడు. ఆయన్ని ముందు తప్ప ఇంకెక్కడా చూసి ఎరగని జనం మెడలు చాచి చూశారు. అప్పటికీ ఆయన ఒక్కమాట మాట్లాడలేదు. పలక మాత్రం ఇంట్లో వదిలేసి వచ్చాడు. అమ్మా నేనూ ఆడవాళ్ల వైపు మూడో బెంచీలో కూర్చున్నాం. అమ్మ పాటల పుస్తకం తెరవనేలేదు, ఆయన పెదాలకేసే చూస్తోంది.

పాట మొదలైంది. ఆయన పెదాలు కదల్లేదు. మొదటి చరణం, రెండో చరణం. అందరూ ఆగారు. అంతమంది ఉన్న చర్చి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో బేస్ వరుస చివర్నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

సొప్రానోల్లో ఒకావిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటో అబ్బాయి పళ్లన్నీ కనబడ్డాయి. మూడో చరణం అందుకున్నారు. దాని అడుగున ఒక కొత్త గొంతు వినబడింది. బరువుగా, కాస్త గరగరగా, పాత గొంతు కన్నా చాలా కింద. పై గొంతుకి ఎక్కే గొంతు కాదది, ఇక ఎప్పటికీ కాదు. కానీ స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను గుర్తుపట్టలేదనుకుందో ఏమో, నా చెవి దగ్గరికి వంగి, "మీ నాన్నే" అంది.